వియ్యంకుడితో చదరంగం

నాకు చదరంగం బాగా వచ్చని మా ఆవిడ నలుగురిలో చెప్పిన రోజుకి, నాకు ఆ ఆట బొత్తిగా రాదు. అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. మృదంగం తప్ప మరో విద్య జోలికి పోయినవాడిని కాను.

మా అమ్మాయి ఎచ్చెర్లలో చదువుకునేటప్పుడు తన క్లాసు అబ్బాయిని ఇష్టపడింది. చదువులు అయ్యాయి, విశాఖపట్నంలో ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి, ఆ తర్వాత తీరిగ్గా మాకు చెప్పారు. మాది విజయనగరం. తాతల నాటి నుంచి గుళ్ళో సేవలకీ, హరికథలకీ మృదంగం వాయించిన ఇల్లు. నేను ఇంట్లోనే పిల్లలకి పాఠాలు చెబుతాను. అబ్బాయి వాళ్ళది గజపతినగరం దగ్గర పల్లె. వరి, నువ్వులు, గోగు పండించే రైతులు. మాటలు ఖాయం చేసుకోవడానికి ఒక ఆదివారం నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళాం.

పిల్లల సంగతి కాఫీ చల్లారేలోగా తేలిపోయింది. వాళ్ళు అన్నీ తేల్చుకునే మాకు చెప్పారు కదా, మేం తేల్చడానికి ఏం మిగలలేదు. తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తెలియలేదు. కాబోయే వియ్యంకుడు ఆ ఊరి పెద్దమనిషి, తగవులు తీర్చేవాడు. బుర్ర మీసాలు, భుజం మీద తువ్వాలు, ఎదురుగా కూర్చుంటే మనమే ఏదో తప్పు చేసి వచ్చామా అనిపించే చూపు. ఆయన గొంతు సవరించుకుని అడిగారు.

"మీ ఊర్ల వర్షాలెలగున్నాయి బావగారూ?"

"బాగానే పడుతున్నాయండి."

మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య గంట ప్రయాణం. మాకు పడిన వాన వాళ్ళకీ పడే ఉంటుంది. ఈ మాట ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది, ఇద్దరం ఊరుకున్నాం. నా వంతు వచ్చిందని నేను వరి ఎన్నాళ్ళకి కోతకొస్తుందని అడిగాను. చెప్పారు. ఆయన మద్దెలకి ఏ తోలు వేస్తారని అడిగారు. చెప్పాను. అక్కడితో నా దగ్గర వ్యవసాయం, ఆయన దగ్గర సంగీతం అయిపోయాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మా ఆవిడ పమిట చెంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

అప్పుడు ఆయన, ఇక ఇదే ఆఖరి ప్రశ్న అన్నట్టు అడిగారు. "పోనీ, సదరంగం ఆడతారేటి?"

నేను "లేదండీ" అనడానికి నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది. "ఎందుకాడరు అన్నయ్యగారూ! సిన్నప్పట్నుంచీ అదే పిచ్చి ఆయనకి."

వియ్యంకుడి ముఖం వెలిగిన తీరు నేను మరిచిపోలేను. మీసాల కింద నుంచి పళ్ళు కనిపించాయి. "ఓర్నాయనో! ఇన్నాళ్ళకి సరైన సంబంధం దొరికినాది!" అని లేచి, లోపలికి వెళ్ళి, చెక్కపెట్టె పట్టుకొచ్చి నా ముందు తెరిచారు. నల్లవీ తెల్లవీ బొమ్మలు. అందులో గుర్రం ఒక్కటే నేను గుర్తుపట్టగలిగింది.

"ఈ రోజు వద్దు బావగారూ," అన్నాను. "శుభం మాట్లాడుకున్న రోజున మనలో ఒకరు గెలవడం, ఒకరు ఓడడం ఎందుకు?"

ఆయన పెట్టె మూసి, తన భార్య వైపు తిరిగి, "సూసినావా? పెద్ద సదువు కాదే, పెద్ద బుద్ది," అన్నారు.

తిరుగు బస్సులో మా ఆవిడతో నేను మాట్లాడకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను.

"ఏటే నీకు? నాకు రాని ఆట వచ్చని చెప్పేస్తావా?"

"మరేటి సెయ్యమంటారు? ఇంకో నిమిషం అలగే కూసుంటే వాళ్ళు సంబంధం వద్దనీసీవోరు. మీరేమో పెళ్ళి మాటలకొచ్చి తోళ్ళ గురించి సెప్తన్నారు."

"ఆయన అడిగారు, చెప్పాను."

"ఆయన సదరంగం కూడా అడిగారు. నేర్సుకోండి. పెళ్ళికింకా టైముంది కదా."

మా ఊళ్ళో గంటస్తంభానికి కాస్త అవతల ఒక మేడ మీద చదరంగం క్లాసు ఉంది. కింద బట్టల కొట్టు. మెట్ల దగ్గర చిన్నచిన్న చెప్పులు గుట్టగా పడి ఉంటాయి. నా చెప్పులు అక్కడ విడిస్తే ఎవరో పిల్లల్ని దించడానికి వచ్చినట్టుండేది. క్లాసు చెప్పే మేడం కళ్ళజోడు పైకి తోసి నన్ను చూసి, "మనవడా, మనవరాలా?" అన్నారు.

"నేనేనండి."

ఆవిడ మరో మాట అనకుండా అప్లికేషన్ ఇచ్చారు. అందులో 'తల్లి లేదా తండ్రి సంతకం' అని ఉంది. అక్కడ ఏం చెయ్యమంటారని అడిగాను. "ఖాళీగా ఉంచితే మా రిజిస్టరులో ఎక్కదు మాస్టారూ, ఇంట్లో ఎవరి చేతైనా పెట్టించుకు రండి," అన్నారు. మా ఆవిడ చేత పెట్టించాను. ఆవిడ సంతకం పెట్టి, కింద ఫోను నంబరు కూడా రాసి, "అల్లరి సేస్తే నాకు ఫోను సెయ్యమని సెప్పండి," అంది.

ముప్పై ఏళ్ళకి పైగా పాఠం చెప్పినవాడికి పాఠం చెప్పించుకోవడం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది. ఏనుగు తిన్నగా నడుస్తుంది, శకటు ఐమూలగా నడుస్తుంది, మంత్రి ఎటైనా నడుస్తాడు. అంతవరకు బాగానే ఎక్కింది. గుర్రం దగ్గర చతికిలబడ్డాను. రెండు గళ్ళు వెళ్ళి పక్కకి ఒకటి. నా గుర్రం ఎప్పుడూ నేననుకున్న గడికి పక్క గడిలో దిగేది. ఎదుటివాళ్ళ గుర్రం మాత్రం సరిగ్గా నా రాజుకీ నా ఏనుగుకీ మధ్యన వచ్చి కూర్చునేది. "మాస్టారూ, మెల్లగా. ముందు ఆలోచించండి, తర్వాత చెయ్యి ఎత్తండి. వేగం దానంతటదే వస్తుంది," అనేవారు మేడం. ఆ మాట నేను నా శిష్యులకి ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో! అది ఇంత కోపం తెప్పించే మాట అని వాళ్ళలో ఒక్కడైనా నాకు చెప్పి ఉండాల్సింది.

దానికి తోడు నా వేళ్ళు. ఆలోచనలో పడితే నాకు తెలియకుండానే బల్ల అంచు మీద తాళం నడిచేది. ఎత్తు దొరికితే వేగం పెరిగేది. మిగతా బల్లల వాళ్ళందరూ నా వైపు తిరిగేవారు. "మాస్టారూ, బల్ల కొట్టకండి. మీ దగ్గర ఏదో ఉందని ఎదుటివాళ్ళకి తెలిసిపోతోంది," అన్నారు మేడం ఒకసారి. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. ఒళ్ళో పెట్టుకుంటే తొడ మీద వాయించేవాణ్ణి.

ఇంట్లో ఫోనులో ఆడేవాణ్ణి. అందులో అతి తేలిక స్థాయిలో కంప్యూటరు ఒక కోడిపిల్ల బొమ్మ రూపంలో కనిపిస్తుంది. వారం రోజులు కోడిపిల్ల చేతిలో ఓడిపోయాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "ఏటి, ఇవాళ కోడిపిల్ల ఏమంటోంది?" అని అడిగేది. ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో దాన్ని గెలిచాను. వంటింట్లోకి పరుగెత్తి చూపించాను. ఆవిడ ఫోను కళ్ళకి దూరంగా పెట్టుకుని చూసి, "మరి అన్నయ్యగారు కోడిపిల్ల కాదు కదా," అంది.

పెళ్ళికి వియ్యంకుడు చెక్కపెట్టె తెచ్చారు. మగపెళ్ళివారి విడిదిలో సామాను దించుతుంటే నా కళ్ళతో నేనే చూశాను. ఆ రెండు రోజులూ నేను ఆయన కంటపడకుండా తిరిగిన తీరు చూసి మా బంధువులు, పాపం పెళ్ళి పనులతో మనిషి నలిగిపోతున్నాడు అనుకున్నారు. ఒకసారి గాడిపొయ్యి దగ్గర దొరికిపోయాను. "బావగారూ, ఒక్క ఆట..." అన్నారు ఆయన. "సాంబారు చూడాలండి," అన్నాను. వంటవాళ్ళు నా వైపు వింతగా చూశారు. నిజంగానే గరిటె పుచ్చుకుని నిలబడ్డాను.

ఎన్నాళ్ళని తప్పించుకుంటాను? కొత్త దంపతులు సెలవులకి పల్లెకి వచ్చారని మమ్మల్ని భోజనానికి పిలిచారు. మేం వెళ్ళేసరికి అరుగు మీద చాప, చాప మీద బల్ల, బల్ల మీద బొమ్మలు వరసలో ఉన్నాయి. బయలుదేరే ముందే మా ఆవిడ గట్టిగా చెప్పింది. "గెలిచీగల్రు, జాగర్త! మగపెళ్ళివారు. పిల్ల కాపరం కొత్త."

గెలవడమా! మూడు నిమిషాల్లో ఆట కట్టకుండా ఉంటే చాలని నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఆట మొదలైంది. నా బంటుని రెండు గళ్ళు ముందుకి జరిపాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అదేటి బావగారూ? బంటు ఒక్క గడే కదా!"

మొదటి ఎత్తుకి రెండు గళ్ళు వెళ్ళొచ్చని మేడం చెప్పారు. అయినా మగపెళ్ళివారు. ఒక గడి వెనక్కి లాక్కున్నాను. కాసేపటికి ఆయన రాజుకి నేను చెక్ చెప్పాను. అనుకోకుండా పడింది. ఆయన రాజుని తీసి, గుర్రంలా గెంతించి, ఇంకో మూల పెట్టారు.

"రాజు గెంతుతాడా అండీ?"

"ఓపాలి గెంతొచ్చు. తాతల్నాటి రూలు. మీ టవును రూలేటి?"

"మాకూ అదేనండి," అన్నాను. అలా వియ్యాలవారి చదరంగం మొదలైంది.

పది ఎత్తులు అయ్యేసరికి నాకు ఒక అనుమానం వచ్చింది. పదిహేను ఎత్తులకి అది నిశ్చయమైంది. ఆయనకి ఆట రాదు. బొమ్మలు నడపడం వచ్చు, అంతే. తన ఏనుగు నా శకటుకి ఎదురుగా ఉంటే చూసుకోరు. ఒక బొమ్మ మీద మనసు పడితే దాన్నే నడుపుతూ పోతారు, మిగతావి ఏమైపోయినా పట్టించుకోరు. నేను కోడిపిల్లని గెలిచినవాణ్ణి. ఈయన కోడిపిల్ల కన్నా కింద. నా వేళ్ళు అరుగు మీద దరువు అందుకున్నాయి. అప్పుడే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి దగ్గింది. వేళ్ళు ఆగిపోయాయి.

ఓడిపోవాలి. అది గెలవడం కన్నా కష్టమని నాకెవరూ చెప్పలేదు. నా మంత్రిని తీసుకెళ్ళి ఆయన బంటు ముందు ఐమూలగా పెట్టాను. చంపేస్తే సరిపోయేది. ఆయన దాని వైపు చూసి, మీసం దువ్వి, తల అడ్డంగా ఊపారు. "ఇందల ఏదో ఉన్నాది. బావగారు ఊరికే పెట్టరు." చంపలేదు. మంత్రిని ఇంకా దగ్గరికి జరిపాను. "అమ్మో, మళ్ళీ దగ్గరికొస్తన్నారు! నానంత తెలివితక్కువోణ్ణి కాదు." ఇంకో మూలకి వెళ్ళి తన గుర్రాన్ని కదిపారు. నేను నా బొమ్మల్ని ఒక్కొక్కటే తీసుకెళ్ళి ఆయన ముందు పెడుతున్నాను, ఆయన వల అనుకుని పక్కకి తప్పుకుంటున్నారు. చివరికి నా రాజుని నేనే చేయి పట్టి నడిపించి ఆయన రెండు ఏనుగుల మధ్య నిలబెట్టాను. అయినా ఆయన చూడలేదు. "ఇటు నుంచి మీ ఏనుగు వస్తే నాకు ఇబ్బందే సుమండీ," అని నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఆట కట్టు!" అని ఆయన అరుగు మీద నుంచి దూకినంత పని చేశారు. "ఒసే! బావగారిని కొట్టీసినానే! టవును మాస్టార్ని!" పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. నాకు అరిటాకు నిండా పెట్టిన భోజనంలో గారెలు ఆయనే దగ్గరుండి వడ్డించారు. ఓడినవాళ్ళని ఆదరించడం ఆయనకి చాలా ఇష్టమని తెలిసింది.

ఆ తర్వాత ఏడాది పాటు మేం ఎప్పుడు వెళ్ళినా ఇదే. ఇక్కడ మేడ మీద క్లాసులో నేను మెల్లమెల్లగా బాగుపడుతున్నాను. గుర్రం నేననుకున్న గడిలో దిగుతోంది. రెండు ఏనుగులతో రాజుని అంచుకి తోసి కట్టెయ్యడం వచ్చింది. ఎదుటివాడు బొమ్మ కదిపితే, ఎందుకు కదిపాడని ఆగి చూడడం అలవాటైంది. ఒక సాయంత్రం మేడం, "మాస్టారూ, ఇప్పుడు బల్లంతా చూస్తున్నారు," అన్నారు. నేను ఎన్నో కచేరీలు చేశాను గానీ, ఆ రోజు మెట్లు దిగినంత గర్వంగా ఏ వేదికా దిగలేదు. అక్కడ నేర్చుకున్నదంతా పల్లెకి వెళ్ళి పాడుచేసుకుని వచ్చేవాణ్ణి. పైగా బాగుపడేకొద్దీ ఓడడం మరీ కష్టమైంది. తప్పెత్తు ఎక్కడుందో కనిపెట్టి, అది ఆయనకి కూడా కనిపించేలా వెయ్యాలి.

ఒకసారి భోజనాలయ్యాక నేను చెయ్యి కడుక్కుంటుంటే మా వియ్యపురాలు చెంబుతో నీళ్ళు పోస్తూ గొంతు తగ్గించి అంది.

"అన్నయ్యగారూ, ఓ మాట. ఓపాలి ఓడించీయండి బాబూ ఆయన్ని."

నేను తెల్లబోయాను.

"మీరు కావాలనే ఓడిపోతన్నారని నాకు తెలుసును. ఊర్ల ఎవలూ ఆయనతో గెలవరు. తగువులు తీర్సీ మనిషి కదా, రేపు ఏటవసరం పడతాదో అని అందరూ ఓడిపోతారు. మా తమ్ముడు కూడా. ముప్పయ్యేళ్ళ నుంచీ గెలుస్తన్నారు. ఇప్పుడు టవును మాస్టార్ని కూడా కొట్టీసినానని బస్సుల సెప్తారు, పెళ్ళిళ్ళల్ల సెప్తారు. మొన్న సావింటికెళ్ళి అక్కడా సెప్పినారు. నాను పడలేకపోతన్నాను."

"మీ వదినగారు ఊరుకోదమ్మా," అన్నాను.

"ఆవిణ్ణి నాను సూసుకుంటాను."

ఆ మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డారు. ముందు మా ఆవిడ, వద్దు వద్దని కళ్ళతోనే చెబుతోంది. ఆవిడ భుజం వెనక నుంచి వియ్యపురాలు, కానీండి కానీండి అని తల ఊపుతోంది. నేను ఇద్దరినీ చూశాను. తర్వాత బల్ల వైపు చూశాను. అక్కడ ఒక చక్కటి ఎత్తు ఉంది. శకటుని ఇలా లాగితే ఆయన మంత్రి అటు పోతుంది, అటు పోతే గుర్రం దిగడానికి దారి పడుతుంది. ఏడాదికి పైగా మేడ మెట్లు ఎక్కి దిగింది ఇలాంటిదొకటి కనిపించడానికే. ఇక నాకు గుమ్మంలో ఎవరూ కనిపించలేదు.

శకటుని లాగాను. నా వేళ్ళు చాప మీద పరుగందుకున్నాయి. ఆయన రాజు ఒకసారి గెంతాడు. గెంతిన చోట కూడా నా ఏనుగు కాపలా ఉంది.

"ఆట కట్టు బావగారూ."

ఆయన నవ్వారు. బల్ల చూసి ఇంకాస్త నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. రాజుని ఒక్కొక్క గడిలోనూ పెట్టి చూశారు, వెనక్కి తీశారు. "ఇదేటిది?" అన్నారు, నాతో కాదు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, "నీరెట్టాలి," అని పొలం వైపు వెళ్ళిపోయారు. ఆ రోజు వాన పడి వెలిసింది. పొలానికి నీరు పెట్టే పనేం లేదు.

సాయంత్రం మేం బయలుదేరేదాకా ఆయన రాలేదు. బస్సులో మా ఆవిడ ఏడవడానికి సిద్ధంగా ఉంది. "అయిపోనాది. పిల్ల కాపరంల నిప్పులు పోసీసినారు. ఒక్క శకటు కోసం!"

"నీకు శకటు అంటే తెలుసా?"

"ఇన్నాళ్ళూ ఇంట్ల అదే గోల కదా, తెలీదేటి!"

రెండు రోజులకి మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోను చేసింది. "నాన్నా, అక్కడ ఏమైంది? మావయ్యగారు ఎవరితోనూ మాట్లాడటం లేదట. తగవుకి పిలిస్తే కూడా వెళ్ళలేదట." నాకు భయం వేసింది. ఆయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. వియ్యపురాలు ఎత్తి, "ఓడించమన్నాను గాని, మరీ అంత గట్టిగానా అన్నయ్యగారూ," అంది.

మూడు వారాలు గడిచాక ఆయనే ఫోను చేశారు. పలకరింపులు లేవు. "సోమారం శ్రీముఖలింగం ఎళ్దాం. మీరొక్కరే రండి. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సుల ఉంటాను," అని పెట్టేశారు. మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఏమన్నా పడండి, ఎదురు చెప్పకండి అని పాఠం చెప్పింది.

బస్సులో ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. దర్శనం చేసుకున్నాం. ప్రసాదం కళ్ళకద్దుకున్నాం. వంశధార ఒడ్డుకి నడిచి ఇసుకలో కూర్చున్నాం. నది సన్నగా ఒక పక్కన పారుతోంది. ఆయన ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదులుతూ అడిగారు.

"ముందాటలన్నీ కావాలనే ఓడిపోనారు కదా?"

నేను కాళ్ళ దగ్గర ఇసుక చదును చేశాను.

"మీ ఏళ్ళు," అన్నారు నా చేతి వైపు చూపిస్తూ. "మంచి ఎత్తు దొరికితే దరువేస్తారు. తర్వాత ఆగిపోతాయి. ఆగినాక ఎప్పుడూ తప్పెత్తే ఏసీవోరు. అప్పుడు నాకు తెల్లేదు. మొన్న ఆగకుండా వాయించినారు. ఇంటికెళ్ళి పడుకుంటే అన్నీ గుర్తొచ్చినాయి."

"క్షమించండి బావగారూ."

"మీకేటి, ఆడపెళ్ళివారు. ఊరోళ్ళో? ఒక్కొక్కణ్ణీ పిలిచి అడిగినాను. లేదంటే లేదని ఒట్టేసినారు. మా ఆవిణ్ణి అడిగితే నవ్వీసినాది." చేతి ఇసుక దులుపుకున్నారు. "ముప్పయ్యేళ్ళు! ఒక్కడైనా..." ఆ పెద్ద మీసాల మనిషి అంత చిన్నగా కనిపించడం నాకు కష్టంగా తోచింది.

తల తిప్పి సూటిగా అడిగారు. "మీరు పాఠాలు సెప్పినోరు. నిజం సెప్పండి. నాకు ఆట వచ్చా, రాదా?"

మా ఆవిడ చెప్పిన జాగ్రత్తలన్నీ గుర్తొచ్చాయి. అయినా మృదంగం పట్టుకుని వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడిగినప్పుడు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"రాదు బావగారూ. కానీ నేర్చుకోవచ్చు."

"ఈ వొయస్సులోనా? మీకైతే సిన్నప్పట్నుంచీ వచ్చు."

ఇక దాచి ఏం లాభం? "మీరు పెట్టె తెరిచిన రోజున నాకు అందులో గుర్రం ఒక్కటే తెలుసు," అన్నాను. పెళ్ళి మాటల రోజు ఫ్యాను చప్పుడు, మా ఆవిడ కంగారు, అప్లికేషన్ మీద సంతకం, కోడిపిల్ల, సాంబారు గరిటె, అన్నీ చెప్పాను. ఆయన మొదట కదలకుండా విన్నారు. కోడిపిల్ల దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదలడం మొదలైంది. సాంబారు దగ్గర ఇసుకలో వెనక్కి వాలిపోయి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు పని ఆపి మా వైపు చూశారు.

"అయితే ఆ మేడంగారి దగ్గరికి నన్నూ తీసుకెళ్ళండి," అన్నారు లేస్తూ. "గాని, ఆడోళ్ళకి సెప్పకండి."

ఆడవాళ్ళకి ఆ రాత్రే తెలిసిపోయింది. ఆదివారం ఆదివారం ఆయన గజపతినగరం నుంచి బస్సులో రావడం మొదలుపెట్టారు. మేడం ఆయన చేత ముందు మాన్పించింది రాజు గెంతడం. అది మానడానికి ఆయనకి రెండు నెలలు పట్టింది. చెక్ అనగానే చెయ్యి అదే పోయేది. "పెద్దాయన గారూ, రాజు గెంతడు," అనేవారు మేడం. "గెంతకపోతే సచ్చిపోతాడు కదమ్మా!" అనేవారు ఆయన. మేం ఇద్దరం చివరి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. మాట్లాడుకుంటున్నామని ఒకసారి మమ్మల్ని విడదీసి కూర్చోబెట్టారు కూడా.

ఊళ్ళో ఇప్పుడు ఆయనతో ఆడడానికి జనం జంకుతున్నారట. కావాలని ఓడితే కనిపెట్టి తిడుతున్నారు, గెలిస్తే ఇంకో ఆట ఆడమని లేవనివ్వడం లేదు. వియ్యపురాలు నాకు ఫోను చేసి, "ముందే నయం అన్నయ్యగారూ, సప్పున గెలిచీసి అన్నానికి వచ్చీవోరు," అని వాపోయింది.

మొన్న శ్రీకాకుళంలో అన్ని వయసుల వాళ్ళకీ కలిపి ఒక పోటీ పెట్టారు. మేడం పేర్లు ఇవ్వమన్నారు, ఇచ్చాం. పొద్దున్నుంచీ ఇద్దరం ఓడిపోతూనే ఉన్నాం. నన్ను ఓడించినవాళ్ళలో ఒకామె ఆట మధ్యలో లేచి వెళ్ళి ఫోనులో ఇంటి సంగతులు మాట్లాడి వచ్చింది. ఆఖరి రౌండుకి ఒక్క మార్కూ రానివాళ్ళు హాలు మొత్తానికి ఇద్దరే మిగిలారు. కాగితం గోడకి అంటించగానే వెళ్ళి చూశాం. చివరి బల్ల, నేనూ ఆయనా.

"దీనికోసం ఇంత దూరం రావాలేటి? మా అరుగు మీదే ఆడీవోళ్ళం కదా," అన్నారు ఆయన.

కానీ కూర్చున్నాక మా ఇద్దరికీ నవ్వు పోయింది. ఆయన నిజంగా బాగా ఆడారు. నేను నిజంగా ఓడిపోతున్నాను. మంత్రి పోయింది, ఏనుగులు పోయాయి, చివరికి నా రాజొక్కడు మూలన మిగిలాడు. ఆయన దగ్గర మంత్రి ఉంది. నేను ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపుదామనుకుంటుండగా ఆయన మంత్రిని తెచ్చి నా రాజుకి గుర్రమెత్తు దూరంలో పెట్టారు. చెక్ లేదు. నాకు కదలడానికి గడీ లేదు.

పోటీ నడిపేవారు వచ్చి చూసి, "డ్రా అండి," అన్నారు.

"డ్రా ఏటి? రాజు కదల్లేకపోతే సచ్చినట్టే కదా!"

"చెక్ ఉండాలండి. చెక్ లేకుండా కదలలేకపోతే సమానం. చెరి అర మార్కు."

ఆయన కాసేపు వాదించారు. ఎన్నో తగవులు తీర్చిన మనిషి, తేలిగ్గా వదలరు. చివరికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, హాలు బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి భార్యకి ఫోను చేశారు. స్పీకరు పెట్టడం ఆయన అలవాటు కాబట్టి నాకూ వినిపించింది.

"ఒసే, అర మార్కొచ్చినాదే!"

"అరా? ఎవలిచ్చినారు, అన్నయ్యగారా?"

ఆయన నా వైపు తిరిగారు. నేను లేదని తల ఊపాను. నిజంగానే లేదు.

"ఎవలూ ఇవ్వలేదే. నానే తెచ్చుకున్నాను," అన్నారు ఆయన, గట్టిగా.